మే ఎండల్లో పెరటి తోట: టమాటకు పూత నిలవడం లేదు, బీరకు పిందె కట్టడం లేదు

ప్రశ్న: పానగల్లు పెరడు (నల్లగొండ)

సభ్యులందరికీ నమస్కారం. మేము నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్లు వైపు ఇల్లు కట్టుకున్నాము. ఇంటి వెనుక సుమారు వంద గజాల ఖాళీ స్థలం ఉంది. అది ఎర్ర చెల్క మట్టి కావడంతో, బాగా మాగిన పశువుల పెంట కలిపి, ఫిబ్రవరిలో టమాట, వంకాయ, మిరప నారు నాటి, అదే సమయంలో బెండ, గోకర (గోరుచిక్కుడు), బీర, సొర, కాకర విత్తనాలు పెట్టాము. ఏప్రిల్ సగం వరకు తోట చూడముచ్చటగా ఉండేది. టమాటలు ఇంటికి సరిపోగా పక్కింటికి కూడా పంపగలిగాము.

ఎండలు ముదిరిన తరువాత పరిస్థితి మారిపోయింది. టమాట మొక్కల నిండా పూత ఉంది కాని, పువ్వు కాడకు మధ్యలో ఉండే కణుపు దగ్గర పసుపు రంగు తిరిగి, చేయి తగిలితే చాలు అక్కడికి తెగి రాలిపోతున్నది. ముందే కట్టిన కాయలు ఎర్రబడకుండా పసుపు, నారింజ రంగుల దగ్గరే ఆగిపోతున్నాయి, పడమటి ఎండ తగిలే వైపు వాటిపై తెల్లటి కాగితం అంటించినట్టుగా మచ్చలు కనిపిస్తున్నాయి. బీర తీగ పందిరంతా పాకి రోజూ పూస్తున్నప్పటికీ, పిందెలు బొటనవేలంత కాగానే పసుపుబారి రాలుతున్నాయి. ఉదయం 7 గంటల ప్రాంతంలో మగ పువ్వు తెంచి ఆడ పువ్వుకు అద్దుతున్నాము కాని ఫలితం కనబడలేదు.

ఇక బోరు నీళ్లు పెడుతున్న మడుల అంచుల్లో తెల్లటి పొర పేరుకుంటున్నది. విత్తనాల దుకాణంలో పూత నిలవడానికి ఏదో హార్మోను మందు కొట్టమని సలహా ఇచ్చారు. టమాటలను ఇప్పుడే పీకివేయాలా, వానల వరకు కాపాడుకోవాలా? బీరకు ఏమి చేయాలి? ఈ నీళ్లతో తోట నిలుస్తుందా? అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

జవాబు: వనపర్తి మిద్దెతోట

మీరు చెప్పిన లక్షణాలలో తెగులు కనిపించడం లేదు, అంతా వేడిమి వల్ల జరుగుతున్నదే. టమాటకు పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి వేడి 24 డిగ్రీలకు దిగకుండా ఉన్నప్పుడు పుప్పొడిలో సత్తువ పోతుంది. పుప్పొడి పని చేయని పువ్వును మొక్క మోయదు కనుక, మీరు గమనించిన ఆ కణుపు దగ్గరే తెంచుకుంటుంది. మన జిల్లాలలో మే నెలలో పగలు 42, 43 డిగ్రీలు మామూలే. పగటి సంగతి అందరూ చెప్పుకుంటారు కాని, టమాటను అంతకంటే ఎక్కువగా దెబ్బతీసేది గోడలు, బండలు చల్లారని రాత్రి. హార్మోను మందు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రాత్రి వేడి తగ్గనంత వరకు దానికి పెట్టే డబ్బు వృథా.

రంగు విషయం కూడా ఇటువంటిదే. టమాటకు ఎరుపునిచ్చే పదార్థం సుమారు 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా తయారు కాదు, పసుపునిచ్చేది మాత్రం తయారవుతూనే ఉంటుంది. అందువలన కాయ చెట్టుపై ఎర్రబడే వరకు ఎదురుచూడవద్దు. అడుగు భాగాన పచ్చదనం విరిగి, లేత గులాబీ ఛాయ తొంగిచూడగానే కోసి, ఇంట్లో గాలి తగిలే చల్లటి మూలలో, ఎండ పడకుండా, గంపలో పరిచి ఉంచితే చక్కగా ఎర్రబడతాయి. తెల్లటి మచ్చలు ఎండదెబ్బ. ఆ భాగం కోసి పారవేసి మిగిలినది పప్పులో వేసుకోవచ్చు. కాయలకు నీడనిచ్చే ఆకులను తుంచకుండా, పడమటి వైపు 35 శాతం షేడ్ నెట్ గాని, తాటాకుల తడిక గాని నిలబెట్టండి. 50 శాతం నెట్‌ను పైన పూర్తిగా కప్పితే ఆకుకూరలు సంతోషిస్తాయి కాని కాయగూరలు వెలుతురు చాలక సన్నగా సాగిపోతాయి.

బీర విషయంలో మీరు అద్దే పద్ధతి సరైనదే, వేళ మాత్రం సరిపోలేదు. బీర పువ్వు ఉదయం విచ్చుకోదు. సాయంత్రం 5 గంటల తరువాత విచ్చుకొని, తెల్లవారేసరికి వాడిపోవడం మొదలుపెడుతుంది. సొర కూడా అంతే, పొద్దువాలిన తరువాత తెల్లగా విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే చిమ్మటలు దాని పరాగాన్ని మోస్తాయి. కాకర, దోస, నేతిబీర మాత్రం తెల్లవారుజామున విచ్చుకుంటాయి. కనుక కాకరకు ఉదయం, బీరకు సాయంత్రం వెళ్లాలి. సూర్యుడు దిగే వేళకు పందిరి కింద నిలబడి చూడండి: మొగ్గ ముడి వదిలి, అయిదు పసుపు రేకులు మీ కళ్ల ముందే పరుచుకుంటాయి. అప్పుడు గుత్తిలో పూసిన మగ పువ్వు ఒకటి తెంచి, రేకులు వెనక్కి మడిచి, వెనుక సన్నని పిందె ఉన్న ఆడ పువ్వు మధ్య భాగానికి సుతారంగా రుద్దండి. పొడి పసుపుగా వేలికి అంటుతుంటే పుప్పొడి బాగున్నట్టు.

ఈ ఎండలకు, పగటి పొడవుకు మగ పూలు ఎక్కువగా, ఆడ పూలు తక్కువగా రావడం సహజం. దానికి తోడు యూరియా వంటి నత్రజని ఎరువు వేస్తే తీగ పెరుగుతుంది, మగ పూలే కాస్తుంది. సొరకు ఆడ పూలు ఎక్కువగా పక్క కొమ్మల మీద వస్తాయి కనుక, తీగ పందిరి ఎక్కగానే కొన గిల్లి పక్క కొమ్మలు వచ్చేలా చేయడం మంచిది.

మొత్తం మీద నా సలహా ఏమిటంటే, ఈ నెలలో టమాటతో పోరాడవద్దు. ఆకు ఆరోగ్యంగా ఉంటే నీడ కట్టి, ప్రాణం నిలిపి ఉంచండి, చల్లబడ్డాక మళ్లీ పూస్తుంది. కూర కోసం మాత్రం ఎండను ఇష్టపడే గోకర, బెండ, పుంటికూర, తోటకూర, బచ్చలి, గంగవాయిలి కూరల వైపు చూడండి.

జవాబు: మర్రిగూడ రైతుబిడ్డ

పై సభ్యులు పూత గురించి వివరంగా చెప్పారు కనుక నేను నీటి విషయానికే పరిమితమవుతాను. మాది ఫ్లోరైడ్‌తో ఏళ్ల తరబడి బాధపడిన ప్రాంతం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి నల్లగొండ పద్ధతి అని మన జిల్లా పేరే పెట్టారు, కాని అది తాగునీటి కోసం ఏర్పడినది, మొక్కలకు పెట్టే నీటికి ఎవరూ అంత శ్రమ పడరు. మీ మడుల అంచున తెల్లగా పేరుకుంటున్నది బోరు నీటిలోని లవణాలు. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు నేల మీద మిగిలిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసే పని ఏమిటంటే, ఎండ ఎక్కువగా ఉందని రోజుకు రెండుసార్లు పైపైన తడుపుతారు. ఆ తడి రెండు అంగుళాలు కూడా దిగకుండా ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం సరిగ్గా లేత వేర్లు ఉండే చోట చేరుతుంది. దానికి బదులు, సూర్యోదయానికి ముందు, జాన లోతు తడిసేలా నిదానంగా నీరు పెట్టి, మరునాడు వేలితో మట్టి గుచ్చి చూసి, లోపల తడి ఉంటే ఆ పూట ఆపండి. చెల్క మట్టి తడిని ఎక్కువ కాలం పట్టుకోదు కనుక నల్లరేగడి వారు పాటించే వ్యవధి మీకు సరిపోదు. అప్పుడప్పుడు మామూలు కంటే ఎక్కువ నీరు పారించితే పేరుకున్న ఉప్పు వేర్ల కిందికి దిగిపోతుంది. ఆకుల మీద బోరు నీరు చల్లవద్దు, అంచులు మాడిపోతాయి.

ముఖ్యంగా ఒక మాట. ఇంట్లో నీటి శుద్ధి యంత్రం నుంచి బయటికి వచ్చే వృథా నీటిని తోటకు మళ్లించవద్దు. ఆ యంత్రం మంచి నీటిని మీ బిందెలోకి తీసి, ఉప్పునంతా ఆ వృథా నీటిలోకి నెడుతుంది, అంటే అది మీ బోరు నీటి కంటే ఎక్కువ ఉప్పగా ఉంటుంది. బండలు కడగడానికి వాడుకోండి. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీరు మాత్రం నిస్సంకోచంగా మొక్కలకు పోయవచ్చు.

నేల మీద వరిగడ్డి గాని వేరుశనగ పొట్టు గాని మూడు వేళ్ల మందంగా పరచండి. దీనివలన నీరు ఆదా కావడమే కాక, ఆవిరి తగ్గుతుంది కనుక ఉప్పు పైకి రావడం కూడా తగ్గుతుంది. ఎర్ర నేలల్లో చెదలు ఎక్కువ, అందువలన గడ్డిని మొక్క కాండానికి బెత్తెడు దూరంలోనే ఆపాలి. తీగల పాదుల మధ్య మూతి పైకి ఉండేలా పాత మట్టికుండ పూడ్చి, నీళ్లు నింపి మూత పెడితే, కుండ గోడల గుండా నీరు వేరుకు నెమ్మదిగా అందుతుంది. రంగు వేసినవి, లోపల నున్నగా పూత పూసినవి అందుకు పనికిరావు. తెల్లటి పొర మరీ ఎక్కువగా ఉండి, నేల గట్టిపడి నీరు ఇంకకపోతే జిప్సం అవసరం కావచ్చు. అయితే మట్టి, నీరు పరీక్ష చేయించకుండా వేయవద్దు. మీకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం అందుబాటులో ఉంటుంది, అక్కడి శాస్త్రవేత్తలను సంప్రదించండి.

జవాబు: పాలమూరు చెల్క

వనపర్తి మిత్రులు చెప్పిన దానిలో ఒక్క విషయంతో నేను ఏకీభవించలేను. ఫిబ్రవరిలో నాటిన టమాటను జూన్ వరకు కాపాడటం వలన ప్రయోజనం కంటే నష్టమే ఎక్కువ. మే నెలలో తెల్లదోమ విపరీతంగా ఉంటుంది, అది ఆకుముడత వైరస్‌ను మోస్తుంది. ముదిరిన మొక్క పైకి పచ్చగా కనబడినా, దాని అడుగు ఆకులు తిప్పి చూస్తే దోమ లేస్తుంది. రేపు వానాకాలం కోసం మీరు పోసుకునే లేత నారుకు ఆ పాత మొక్కలే జబ్బు అంటిస్తాయి. చివరి కాయలు రంగు తిరగగానే కోసుకొని, మొక్కలు పీకి, వేర్లలో ముడులు ఉన్నాయేమో చూసి (ఉంటే నులిపురుగు ఉన్నట్టు, ఆ మడిలో మళ్లీ టమాట, వంకాయ, మిరప పెట్టకూడదు), ఆ చోట గోకర గాని తోటకూర గాని చల్లుకోవడం మేలు.

వంకాయ సంగతి వేరు. దానిని పీకవద్దు. ఇప్పుడు కొమ్మలను సగానికి కత్తిరించి, పాదులో మాగిన పెంట వేసి, తడి తగ్గకుండా చూసుకుంటే, మృగశిర జల్లులకు కొత్త చిగుళ్లు వేసి మళ్లీ కాపుకు వస్తుంది. పచ్చి పెంట మాత్రం వేయవద్దు, ఆ వేడికి వేర్లు మాడుతాయి.

మిరపకు ఆకులు ముడుచుకుంటే వెంటనే వైరస్ అని భయపడకండి. ఆకు పడవలాగా పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు నీటితో కలిపి, పొద్దుగూకిన తరువాత ఆకుల అడుగు భాగం తడిసేలా కొట్టండి. ఎండ ఉండగా కొడితే ఆకు కాలుతుంది. నల్లికి గంధకం మంచి మందే కాని ఈ వేడిలో వాడకూడదు.

ప్రశ్న అడిగినవారు: పానగల్లు పెరడు

ఇంత ఓపికగా వ్రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పందిరి కిందికి వెళ్లి చూస్తే బీర పూలు విచ్చుకుంటూనే ఉన్నాయి. విచ్చిన ఆడ పూలన్నింటికీ అద్దాము. టమాట మొక్కల ఆకులు తిప్పితే నిజంగానే తెల్లదోమ లేచింది కనుక పాలమూరు వారి మాటే పాటిస్తాము. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. కాకరకాయలు ఒక వైపు వంకర తిరిగి, కోస్తే లోపల తెల్లటి పురుగులు ఉంటున్నాయి. పండు ఈగ బుట్ట కొని కట్టినా తగ్గలేదు. మరొకటి, గోకర, బెండ, పచ్చిమిర్చి మేము తినగలిగే దానికంటే ఎక్కువగా వస్తున్నాయి. వాటిని నిలువ చేసే విధానం చెప్పగలరా?

జవాబు: దొడ్డి తోట, సూర్యాపేట

బిడ్డా, ముందు ఆ బుట్టలోని బిళ్ల ఏమిటో చూడు. దుకాణాల్లో ఎక్కువగా దొరికేది మామిడి తోటల కోసం ఉద్దేశించిన మిథైల్ యూజినాల్ బిళ్ల. కాకర, బీర, దోసలను కుట్టే ఈగ వేరే జాతి, అది ఆ వాసనకు రాదు. తీగ కూరలకు క్యూల్యూర్ బిళ్ల అని అడిగి తీసుకోవాలి. అది కూడా మగ ఈగలనే పడుతుంది కనుక బుట్ట కట్టి ఊరుకుంటే చాలదు. వంకర తిరిగిన కాయలను, రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి, మూరెడు లోతు గుంటలో పూడ్చాలి, లేదా మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో వేసి ఎండలో ఉంచాలి. పెంటకుప్ప మీద పారవేస్తే లోపలి పురుగు మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై తోటకే వస్తుంది. పది పిందెలకు మించని పెరటి తీగ అయితే, పిందె నిలిచిందని తెలియగానే పలుచని గుడ్డ సంచి తొడగడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

కోత విషయంలో చాలామంది చేసే ఆలస్యమే కాపును తగ్గిస్తుంది. బెండ పూసిన అయిదారు రోజులకే కోతకు వస్తుంది, ఈ ఎండలకు ఒక్కరోజు వదిలినా నార పడుతుంది. కొన విరిస్తే టప్పున విరగాలి, వంగితే ముదిరినట్టే. ముదిరిన కాయను చెట్టుకు ఉంచితే చెట్టు గింజ మీద మనసు పెట్టి కొత్త పూత తగ్గిస్తుంది, కనుక వండుకోకపోయినా కోసివేయాలి. గోకర గింజ ఉబ్బకముందే, కాయ పిడికిట్లో మెత్తగా వంగుతున్నప్పుడే తెంపాలి. కోతలన్నీ తెల్లవారగానే పూర్తి చేసి, తడి గుడ్డ కప్పిన గంపలో పెడితే మధ్యాహ్నానికి కూడా వాడవు. సొర గాని దోస గాని కోసిన వెంటనే చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడు. నీటి ఎద్దడికి ఇవి చేదెక్కుతాయి. చేదుగా ఉన్న సొరకాయ విషంతో సమానం, ఎంత ఉడికించినా ఆ గుణం పోదు, నిస్సందేహంగా పారవేయాలి.

నిలువ చేయడానికి ఈ రోహిణి కార్తె ఎండలకు మించిన యంత్రం లేదు. గోకరను ఈనెలు తీసి, ఉప్పు, చిటికెడు పసుపు వేసిన నీటిలో ఒక పొంగు రానిచ్చి వెంటనే వార్చి, శుభ్రమైన పాత చీర మీద ఒకదానిపై ఒకటి పడకుండా పరచాలి. బెండను ఉడికించకూడదు, జిగురు వస్తుంది. కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరిన తరువాతనే చక్రాలుగా కోసి ఆరబెట్టాలి. కాకరను చక్రాలుగా కోసి ఉప్పు పట్టించి, ఊరిన నీరు పిండి ఎండబెట్టాలి. పైన పలుచని గుడ్డ కప్పితే దుమ్ము పడదు. సాయంత్రం మంచుకు కాకపోయినా ఈదురుగాలికి లోపలికి తీసుకోవాలి. ఈ నెలలో ఎప్పుడు దుమారం లేస్తుందో చెప్పలేము. వేళ్ల మధ్య గలగలలాడుతూ విరిగితే ఒరుగులు సిద్ధమైనట్టు. వేడి ఆరకముందే సీసాలో పోస్తే లోపల చెమట పట్టి బూజు వస్తుంది, పూర్తిగా చల్లారనివ్వాలి. శ్రావణంలో ముసురు పట్టి కూరలు దొరకనప్పుడు, నూనెలో వేయించిన గోకర ఒరుగులు, పప్పు, కాస్త చింతపండు చారు ఉంటే ఆ పూట గడిచిపోతుంది.

పచ్చిమిర్చిలో కొంచెం లావుగా ఉన్నవి ఎంచి, తొడిమ తీయకుండా నిలువుగా ఒక గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్లటి చిక్కటి చల్లలో రాత్రంతా నానవేయాలి. పగలు మిరపకాయలను తీసి ఎండబెట్టి, మిగిలిన చల్లను కూడా ఎండలోనే ఉంచి, రాత్రికి మళ్లీ అదే చల్లలో వేయాలి. చల్లంతా కాయలకే పట్టిన తరువాత, తెల్లబారి గట్టిగా ఎండే వరకు ఎండనివ్వాలి. ఇనుప, రాగి పాత్రలు వద్దు, జాడీ గాని స్టీలు గిన్నె గాని వాడు.

విత్తనానికి ప్రతి తీగ మీద బాగా నిలిచిన కాయ ఒకటి కోయకుండా వదిలిపెట్టు. బీర తీగ మీదే పూర్తిగా ఎండి, ఊపితే గింజ గలగలమనాలి, కొన దగ్గరి మూత ఊడగొట్టి తలకిందులు చేస్తే గింజలు వాటంతట అవే రాలుతాయి. వాటిని నీడలో ఆరబెట్టి, జల్లించిన పొడి బూడిదలో కలిపి దాచితే పురుగు పట్టదు.

జవాబు: వనపర్తి మిద్దెతోట

టమాట విషయంలో పాలమూరు మిత్రుల వాదన సమంజసంగా ఉంది. తెల్లదోమ ఉన్నప్పుడు నేను చెప్పినట్టు ఉంచడం మంచిది కాదు. సూర్యాపేట అమ్మగారు చెప్పిన విత్తనం విషయంలో ఒక చిన్న చేర్పు: మీరు ఫిబ్రవరిలో కొన్న పొట్లం మీద హైబ్రిడ్ అని ఉంటే, ఆ కాయ నుంచి తీసిన గింజలు తల్లి గుణాలను అలాగే ఇవ్వవు, కనుక వాటి కోసం కాయ వదలవద్దు. దేశవాళీ అని గాని, హైబ్రిడ్ కాని మామూలు రకం అని గాని ఉంటే వదలవచ్చు. ఉదాహరణకు, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క అనామిక బెండ హైబ్రిడ్ కాదు, ఆకుల ఈనెలు పసుపుబారే పల్లాకు తెగులును తట్టుకునే రకంగా విడుదలైంది, దాని విత్తనం ఇంట్లోనే తీసుకోవచ్చు. వానాకాలపు టమాట, వంకాయ, మిరప నారును ఈ నెలాఖరుకల్లా నీడలో, దోమ దూరని సన్నని వల కింద పోసుకుంటే, టమాట 25 నుంచి 30 రోజులకు, వంకాయ, మిరప ఇంకొన్ని రోజులకు నాటడానికి వస్తాయి. అప్పటికి తొలకరి పడి నేల చల్లబడి ఉంటుంది.